తరగతి గదిలో ప్యానెల్ పనిచేస్తోందా? టీచరే తేల్చుకునే పద్ధతి

ఆంధ్రప్రదేశ్ సర్కారు బడులను బాగుచేసే మన బడి నాడు–నేడు పనులతో హైస్కూళ్లకు ఐఎఫ్‌పీలు (ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు, అంటే బోర్డు స్థానంలో వాడే పెద్ద టచ్ తెరలు), ప్రాథమిక బడులకు స్మార్ట్ టీవీలు వచ్చాయి. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులిచ్చారు. వీటివల్ల చదువేమైనా మెరుగుపడిందా అని చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగులో అడిగి చూడండి. కొందరు బ్రహ్మాండం అంటారు, కొందరు పెదవి విరుస్తారు. లెక్క మాత్రం ఎవరి దగ్గరా ఉండదు. ఆ లెక్క తీయడానికి రెండు సెక్షన్లు, ఒక లాగ్‌బుక్కు, పేపర్లు దిద్దిపెట్టే తోటి టీచరు ఒకరు, అడ్డుచెప్పని హెడ్మాస్టరు ఉంటే చాలు. బీఎడ్‌లో రికార్డు కోసం రాసి అటకెక్కించిన యాక్షన్ రీసెర్చే (టీచరు తన తరగతిలోనే చేసుకునే పరిశోధన) ఇది.

ముందు ప్రశ్న సరిగ్గా రాసుకోవాలి. ‘ప్యానెల్ మంచిదా’ అన్న ప్రశ్నకు జవాబు రాదు. పాఠం మోసుకొచ్చే బండి వేరు, పాఠం వేరు, బండి మారినంత మాత్రాన చదువు మారదని అమెరికా పరిశోధకుడు రిచర్డ్ క్లార్క్ 1983లోనే వాదించాడు. ఆ మాట పూర్తిగా ఒప్పుకోనక్కర్లేదు గానీ, ప్రశ్న రాసేటప్పుడు గుర్తుంటే మంచిది. ఇలా రాయండి: ‘దూరం–కాలం గ్రాఫును ప్యానెల్ మీద కదిలే బొమ్మతో చెబితే, బోర్డు మీద గీసి చెప్పినదానికంటే, తొమ్మిదో తరగతి పిల్లలు కొత్త గ్రాఫును బాగా చదవగలుగుతున్నారా?’ ఏ తరగతి, ఏ నైపుణ్యం, దేనితో పోలిక అనేవి మూడూ అందులో ఉన్నాయి. పదో తరగతి జోలికి పోకండి. పబ్లిక్ పరీక్షల ఒత్తిడిలో స్పెషల్ క్లాసులు వచ్చి పడి లెక్కంతా చెడుతుంది.

ఒకే టీచరు రెండు సెక్షన్లకూ చెప్పాలి. లేకపోతే ప్యానెల్ ఫలితమో, మాస్టారి ఫలితమో తెలియదు. మార్కులను బట్టి విడదీసిన సెక్షన్లయితే, సెక్షన్లుగా కాక రోల్ నంబరు సరి–బేసి చొప్పున రెండు గుంపులు చేయండి. ‘చలనం’ పాఠం ఎ సెక్షనుకు ప్యానెల్‌తో, బి సెక్షనుకు బోర్డుతో చెప్పండి. తర్వాతి ‘బలం’ పాఠానికి తిరగేయండి: ఇప్పుడు బి కి ప్యానెల్, ఎ కి బోర్డు. ఇలా తిప్పితే ఏ సెక్షన్ పిల్లలకూ అన్యాయం జరగదు, సెక్షన్ల మధ్య ముందే ఉన్న తేడా కూడా చాలావరకు కొట్టుకుపోతుంది. పీరియడ్ల సంఖ్య, ఇంటిపని, నోట్సు రెండు వైపులా ఒకటే. మధ్యాహ్న భోజనం తర్వాతి పీరియడు ఎప్పుడూ ఒకే సెక్షనుకు పడకుండా టైంటేబుల్ చూసుకోండి.

అసలు కష్టం పేపర్లో ఉంది. ప్రతి పాఠానికి ఒక్కో మార్కు ప్రశ్నలు 20, సమయం 30 నిమిషాలు. వాటిలో గుర్తుంటే రాసేవి 6, చూడని గ్రాఫు ఇచ్చి అడిగేవి 10, పిల్లలు సాధారణంగా పొరబడే చోట పెట్టేవి 4. ఉదాహరణకు, పాలకొల్లు నుంచి రాజోలు వెళ్లే బస్సు దూరం–కాలం గ్రాఫు గీసి, గీత ఎక్కువ వాలుతో పైకి లేచిన ముక్క ఏం చెబుతోందని అడగండి. ‘బస్సు చించినాడ వంతెన ఎక్కుతోంది’ అన్నది ఒక ఆప్షన్‌గా పెట్టండి. గ్రాఫును రోడ్డు బొమ్మలా చూసే పిల్లలు దాన్నే టిక్కు పెడతారు. ‘బస్సు వేగం ఎక్కువగా ఉంది’ అన్న జవాబు ఎంతమంది పెట్టారన్న లెక్క మొత్తం మార్కుల కంటే ఎక్కువ చెబుతుంది. ప్యానెల్ వీడియో చివర వచ్చే క్విజ్ ప్రశ్నలు మాత్రం పేపర్లోకి రానివ్వకండి. ఒక సెక్షన్ పిల్లలు ముందే చూసేసిన ప్రశ్నలవి.

పాఠం మొదలు పెట్టకముందు ఒకసారి, అయిపోయిన మర్నాడు ఒకసారి, నాలుగు వారాలకు చెప్పకుండా ఇంకోసారి పరీక్ష పెట్టండి. మూడు పేపర్లలోనూ అంశాలు అవే, అంకెలు, ఊళ్లు వేరు. మూడోది చాలామంది పెట్టరు, ఇక్కడే బోల్తా పడతారు. కదిలే బొమ్మ చూసిన మర్నాడు ఎవరికైనా గుర్తుంటుంది, నెలకు ఎంత మిగిలిందన్నదే చూడాలి. పేపరు మీద పేరు, సెక్షన్ వద్దు, కోడ్ నంబరు రాయించండి. రెండు సెక్షన్ల కట్టలూ కలిపేసి, ఏది ఎవరిదో తెలియని తోటి టీచరుతో దిద్దించండి. మనం దిద్దితే మన ఆశ కూడా మార్కులు వేస్తుంది.

లాగ్‌బుక్కులో ప్రతి పీరియడుకు అయిదు గళ్లు: ప్యానెల్ ఆన్ చేసిన టైము, పాఠం నిజంగా మొదలైన టైము, ఆగిన నిమిషాలు, కారణం, హాజరు. 45 నిమిషాల పీరియడులో లాగిన్‌కు, నెట్‌కు ఎనిమిది నిమిషాలు పోతే అది కూడా ఫలితమే, దాచొద్దు. వీడియోలు ముందు రోజే పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుంటే ఈ నష్టం తగ్గుతుంది. మొదటి రోజు చివరి బెంచీలో కూర్చుని చూడండి: గ్రాఫు అక్షం మీద అంకెలు కనబడుతున్నాయా, కిటికీ వెలుగు తెర మీద పడి మెరుస్తోందా, రేకుల షెడ్డయితే వానలో స్పీకరు వినబడుతోందా. కనబడని పాఠాన్ని కొలిచి ప్యానెల్ దండగ అనడం న్యాయం కాదు.

డెల్టాలో తేదీలు గోదావరిని అడిగి పెట్టుకోవాలి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే, లంక గ్రామాల కాజ్‌వేలు మునిగి పడవల మీద వచ్చే పిల్లలు ఆగిపోతారు. అందుకే జులై, ఆగస్టు వదిలేసి దసరా సెలవుల తర్వాత మొదలుపెట్టండి. నాలుగు వారాల పరీక్ష సంక్రాంతి సెలవుల పక్కన గానీ, రాజోలు వైపైతే అంతర్వేది తీర్థం రోజుల్లో గానీ పడకూడదు. ఒక పాఠంలో నాలుగో వంతు పీరియడ్లు మానేసిన పిల్లల్ని లెక్కలోంచి తీసేయండి, అయితే ఏ సెక్షన్ నుంచి ఎంతమందిని తీశారో రాయండి.

లెక్క ఇలా. ప్రతి పిల్లవాడికీ తర్వాతి మార్కులోంచి ముందు మార్కు తీసేస్తే పెరుగుదల వస్తుంది. అంకెలు ఊహించుకుందాం: ప్యానెల్ సెక్షనులో 32 మందికి సగటు పెరుగుదల 5.9, బోర్డు సెక్షనులో 30 మందికి 4.7. తేడా 1.2. చూడగానే ప్యానెల్ గెలిచింది అనిపిస్తుంది. ఆగండి. గూగుల్ షీట్స్‌లో ఎస్‌టీడీఈవీ (STDEV) ఫార్ములాతో పెరుగుదలల విచలనం (సగటు నుంచి అవి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) తీస్తే రెండు వైపులా 3 వచ్చిందనుకోండి. 3 వర్గం 9. ఆ 9ని 32తో, 9ని 30తో భాగించి, కలిపి, వర్గమూలం తీస్తే సుమారు 0.76. దాన్ని రెట్టింపు చేస్తే 1.5. మన 1.2 తేడాకు అటూ ఇటూ అంత సందు వదలాలి. అంటే అసలు తేడా మైనస్ 0.3 నుంచి ప్లస్ 2.7 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. మధ్యలో సున్నా ఉంది కాబట్టి ఈ ఒక్క పాఠంతో ఏమీ తేలలేదు. తిరగేసిన రెండో పాఠంలోనూ ప్యానెల్ వైపే మొగ్గు కనబడితే అప్పుడు కొంచెం నమ్మొచ్చు. పక్క బడి కూడా ఇదే పేపరుతో చేస్తే ఇంకొంచెం.

బాగా వెనకబడిన పిల్లల్నే ఏరి ప్యానెల్ ముందు కూర్చోబెట్టి ‘ఎంత పెరిగారో చూడండి’ అనే లెక్క చెల్లదు. అడుగున ఉన్న మార్కులు రెండోసారి పరీక్ష పెడితే ఏమీ చేయకపోయినా కొంత పైకి వస్తాయి. ప్యానెల్ వచ్చిన మొదటి నెలలో కొలవడమూ అంతే, కొత్త వస్తువు మీద మోజు కూడా మార్కుల్లో కలుస్తుంది.

ఒకే సెక్షన్ ఉన్న బడిలో పోలికకు పక్క తరగతి దొరకదు. అప్పుడు పాఠాన్ని ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ చీటీ తీసి ప్యానెలో బోర్డో నిర్ణయించండి. పేపర్లో ఏ ప్రశ్న ఏ ముక్కదో ముందే గుర్తు పెట్టుకోండి. ఆరు ముక్కలైనా లేకపోతే ఈ పద్ధతి పెట్టుకోవద్దు.