ఇంటి దగ్గరే ఇంగ్లీషు – 7వ పాఠం: కామా పెట్టాలా, వద్దా?

పోయిన పాఠంలో హూ, విచ్, దట్‌లతో రెండు వాక్యాలను ఒకటిగా కలపడం నేర్చుకున్నాం. అలా కలిపిన ముక్కకు కామాలు ఎప్పుడు పెట్టాలో ఇవాళ చూద్దాం. చిన్న విషయమే కదా అని దాటేయకండి, కామాతో అర్థమే మారిపోతుంది.

మైపాడు తీరం నుంచి తెల్లవారుజామున పడవలు వేటకు బయల్దేరాయనుకోండి.

ది బోట్స్ విచ్ హ్యాడ్ న్యూ నెట్స్ వెంట్ అవుట్.

ది బోట్స్, విచ్ హ్యాడ్ న్యూ నెట్స్, వెంట్ అవుట్.

మాటలన్నీ అవే. కానీ మొదటి వాక్యం ప్రకారం కొత్త వలలున్న పడవలే వెళ్లాయి, మిగతావి ఒడ్డునే ఉండిపోయాయి. రెండో వాక్యంలో పడవలన్నీ వెళ్లాయి, అన్నింటిలోనూ కొత్త వలలే. 'కొత్త వలలున్న పడవలు వెళ్లాయి' అని మనం తెలుగులో అంటే, ఈ రెంటిలో ఏదన్నది సందర్భాన్ని బట్టి వినేవాళ్లే తెలుసుకుంటారు. ఆ అలవాటుతోనే ఇంగ్లీషు రాసేటప్పుడు కూడా మనకు కామా తోచదు.

ఏ పడవలో తేల్చి చెప్పేది డిఫైనింగ్ క్లాజ్. ఏవో ముందే తెలిసినప్పుడు ఇంకో కబురు చేర్చేది నాన్-డిఫైనింగ్ క్లాజ్. అనుమానం వస్తే ఆ ముక్కను వేలితో మూసి చదవండి. 'ఏవి? ఎవరు?' అని అడగాల్సి వస్తే కామా వద్దు. అడగక్కర్లేకపోతే కామాలు పెట్టండి.

ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు వచ్చినప్పుడు దాదాపు ఎప్పుడూ కామాలే.

టంగుటూరి ప్రకాశం, హూ బికేమ్ ది ఫస్ట్ చీఫ్ మినిస్టర్ ఆఫ్ ఆంధ్ర స్టేట్ ఇన్ 1953, వజ్ బార్న్ ఇన్ 1872.

ఆ ముక్క తీసేసినా ఎవరి గురించో తెలుస్తూనే ఉంది. 1953 తర్వాతి కామా చూశారా? మొదటిది పెట్టి రెండోది వదిలేసేవాళ్లు చాలామంది. వాక్యం మధ్యలో వస్తే రెండు వైపులా ఉండాల్సిందే. పైకి చదివేటప్పుడు ఆ రెండు చోట్లా కాస్త ఆగండి.

కామాలున్న చోట దట్ వాడకూడదు. హూ, విచ్‌లను ఎగరగొట్టనూ కూడదు. కామాలు లేని చోట కొన్నిసార్లు ఎగరగొట్టొచ్చు: ది బస్ విచ్ వుయ్ టుక్ ఫ్రమ్ ఒంగోల్ వజ్ లేట్ అనే బదులు ది బస్ వుయ్ టుక్ ఫ్రమ్ ఒంగోల్ వజ్ లేట్ అంటే చాలు. విచ్ తర్వాత వుయ్ లాంటి కర్త ఉంది కాబట్టి ఇది కుదిరింది. పడవల వాక్యంలో కుదరదు.

ఇప్పుడు పెన్ను తీసుకోండి. మై సిస్టర్ హూ లివ్స్ ఇన్ కావలి ఈజ్ ఎ నర్స్. మీకు అక్క ఒక్కరే ఉంటే ఈ వాక్యం ఎలా రాస్తారు? ముగ్గురు ఉంటే? రెండూ రాసి ఉంచండి, వచ్చే పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.