ఇంటికి ఏసీ బిగించే ముందు: అదనపు లోడుకు దరఖాస్తు విధానం, కాంట్రాక్టరు లైసెన్సు, ఖర్చు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇళ్లకు విద్యుత్తు సరఫరా చేసేది విశాఖపట్నం కేంద్రంగా పనిచేసే తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ, అంటే ఏపీఈపీడీసీఎల్. సర్వీసు తీసుకున్న నాడు ఎన్ని కిలోవాట్లకు ఒప్పందం రాసుకున్నారో ఆ లోడు నెలవారీ బిల్లు మీదే ఉంటుంది. పాత ఇళ్లలో అది చాలాసార్లు ఒక కిలోవాటే. అలాంటి ఇంటికి ఏసీ, గీజరు చేరినప్పుడు ఒప్పంద లోడు పెంచుకోవడం వినియోగదారు బాధ్యత. తనిఖీలో అదనపు లోడు బయటపడితే సంస్థ నోటీసు ఇచ్చి సొమ్ము కట్టించుకుంటుంది. కట్టకపోతే సరఫరా ఆపే అధికారం కూడా దానికి ఉంది. నోటీసుకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. వీధి ట్రాన్స్‌ఫార్మరు సామర్థ్యాన్ని నమోదైన లోడును బట్టే లెక్కగడతారు కనుక, కాగితం మీద ఒక్కో కిలోవాటు చూపిస్తూ ఇంటింటా ఏసీలు నడిపే వీధిలో మే నెల రాత్రి ఫ్యూజు పోతే ఆ తప్పు లైన్‌మన్‌ది కాదు.

ముందు లోడు లెక్క

ఏసీకి ఎంత విద్యుత్తు కావాలో దుకాణదారుని అడగనక్కర లేదు. ఔట్‌డోర్ యూనిట్ పక్కన అతికించిన రేటింగు పట్టీలో ఇన్‌పుట్ పవర్ వాట్లలోను, కరెంటు ఆంపియర్లలోను ముద్రించి ఉంటాయి. టన్ను అన్నది చల్లబరిచే శక్తికి కొలత మాత్రమే. ఒక టన్ను అంటే సుమారు 3.5 కిలోవాట్ల వేడిని గదిలోంచి తీసివేయడం. టన్నున్నర ఏసీ విద్యుత్తు లాగేది సాధారణంగా ఒకటిన్నర, రెండు కిలోవాట్ల మధ్య ఉంటుంది. ఉదాహరణకు ఒక ఇంట్లో అయిదు ఫ్యాన్లకు 375, దీపాలకు 100, టీవీకి 100, ఫ్రిజ్‌కు 200, అర హెచ్‌పీ మోటారుకు 373 వాట్లు వేస్తే 1,148 అవుతుంది. దానికి 2,000 వాట్ల గీజరు, 1,700 వాట్ల ఏసీ కలిపితే 4,848. అంటే ఒక కిలోవాటు సర్వీసు మీద దాదాపు అయిదు కిలోవాట్ల సామాను పెట్టినట్లు.

లోడు పెంచితే బిల్లు పెరిగిపోతుందన్న భయంతో కొందరు దరఖాస్తే చేయరు. గృహ వినియోగానికి స్థిర చార్జీ కిలోవాటుకు నెలకు 10 రూపాయలు కాబట్టి ఒకటి నుంచి అయిదుకు పెంచినా ఆ పద్దు కింద పెరిగేది 40 రూపాయలే. బిల్లును పెంచేది యూనిట్లు. 2022లో అమలులోకి వచ్చిన శ్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు 1.90, 75 వరకు 3.00, 125 వరకు 4.50, 225 వరకు 6.00, 400 వరకు 8.75, ఆపైన 9.75 రూపాయల చొప్పున పడుతుంది. నెలకు 120 యూనిట్లు కాల్చే ఇంటికి విద్యుత్ చార్జీ 394.50 రూపాయలు, ఏసీ వల్ల మరో 120 చేరి 240 యూనిట్లయితే 1,148.25. వాడకం రెట్టింపైతే చార్జీ దాదాపు మూడింతలైంది. ఇంధన సర్దుబాటు, విద్యుత్ సుంకం దీనికి అదనం. ఏసీ మీద అతికించే బీఈఈ (కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ) స్టార్ లేబుల్‌లోని యూనిట్లు ఏడాదికి 1,600 గంటల వాడకానికి వేసిన లెక్క కాబట్టి, ఆ అంకెను 1,600తో భాగించి మీ గంటలతో గుణిస్తే కొనే ముందే ఒక అంచనా దొరుకుతుంది. ఎండలు ముదిరిన నెలల్లో వాడకం అంతకన్నా ఎక్కువే ఉంటుంది.

దరఖాస్తు చేసే విధానం

మీసేవ కేంద్రంలో గాని, ఏపీఈపీడీసీఎల్ వెబ్‌సైటులో గాని అదనపు లోడుకు దరఖాస్తు చేయవచ్చు. గ్రామ, వార్డు సచివాలయాల్లో ఎనర్జీ అసిస్టెంట్లు ఉంటారు గనుక ఏ కాగితాలు కావాలో ముందుగా వారిని అడిగి వెళ్లడం మంచిది. తాజా బిల్లు, దాని మీది సర్వీసు నంబరు, ఆధార్, ఇంటి యాజమాన్యాన్ని చూపే పత్రం, పనిచేసే మొబైలు నంబరు దగ్గర ఉంచుకోవాలి. సర్వీసు ఎవరి పేరున ఉందో వారి పేరుతోనే దరఖాస్తు వెళ్లాలి. అద్దెకున్నవారు ఇంటి యజమాని సంతకం తీసుకోవాలి. ఎక్కువ దరఖాస్తులు చిక్కుకునేది ఇక్కడే: ఇల్లు కొడుకులు పంచుకున్నా మీటరు మాత్రం కాలం చేసిన తాతగారి పేరుననే సాగుతుంటుంది. అటువంటప్పుడు మరణ ధ్రువపత్రం, ఆస్తి పత్రాలతో ముందు పేరు మార్పుకు దరఖాస్తు పెట్టి, ఆ తరవాతే లోడు సంగతి చూసుకోవడం మేలు.

చెల్లించవలసిన సొమ్ములో దరఖాస్తు రుసుము, అభివృద్ధి చార్జీలు, సెక్యూరిటీ డిపాజిట్ అని మూడు పద్దులుంటాయి; కిలోవాట్ల సంఖ్యను బట్టి మొత్తం మారుతుంది. దేనికెంత అన్నది రసీదులో విడివిడిగా ఉందో లేదో చూసుకుని, ఆ రసీదును దాచుకోవాలి. చేతికి నగదు ఇచ్చి పని కానిచ్చుకోవడం వల్ల లోడు పెరగదు, రికార్డు మారదు. తరవాత సెక్షన్ కార్యాలయం నుంచి ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గాని సిబ్బంది గాని వచ్చి మీటరును, సర్వీసు వైరును చూస్తారు. ఆ లోడుకు సింగిల్ ఫేజు సరిపోతుందా, త్రీ ఫేజు కావాలా అన్నది వారే చెబుతారు. విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను 2024 ఫిబ్రవరిలో సవరించాక, కొత్త కనెక్షనుకైనా ఉన్నదాని మార్పుకైనా గరిష్ఠ గడువు పురపాలక ప్రాంతాల్లో 7 రోజులు, గ్రామాల్లో 15 రోజులు, కొండ ప్రాంత గ్రామాల్లో 30 రోజులు. ఈ గడువు దరఖాస్తు అన్ని విధాలా పూర్తయిన నాటి నుంచి మొదలవుతుంది.

వైరింగు ఎవరు చేయాలి

మీటరు వరకు పని సంస్థది, మీటరు దాటాక ఇంటి యజమానిది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల ప్రకారం బల్బు, ఫ్యాను, స్విచ్చి, గృహోపకరణం వంటివి ఉన్నచోట మార్చుకోవడం మినహాయిస్తే, ఇంటి విద్యుత్ ఏర్పాటులో చేర్పులు మార్పులు చేయవలసింది రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరే. పనిచేసేవారికి పర్మిటు, పర్యవేక్షించేవారికి యోగ్యతా పత్రం ఉండాలి. మీటరు బోర్డు నుంచి ఏసీకి విడిగా కొత్త లైను లాగడం ఈ పరిధిలోకే వస్తుంది. ఏసీ బిగించే మెకానిక్ పనికంటూ విడిగా రాష్ట్ర లైసెన్సు లేదు. ఐటీఐలో రెండేళ్ల రిఫ్రిజరేషన్, ఎయిర్ కండిషనింగ్ కోర్సు చదివిన పత్రమో, కంపెనీ శిక్షణ పత్రమో అతని అర్హతకు గుర్తు.

దుకాణం గోడకు చట్రం కట్టి వేలాడదీసిన కాగితం చాలాసార్లు కార్పొరేషన్ ఇచ్చిన ట్రేడ్ లైసెన్సు అయి ఉంటుంది. ఆ చోట వ్యాపారం చేసుకోవడానికే అది అనుమతి. మీ ఇంటి వైరింగును ముట్టుకోవడానికి కాదు. చిన్న వ్యాపారాల నమోదుకు ఇచ్చే ఉద్యమ్ పత్రం సంగతీ అంతే, దాన్ని ఆధార్, పాన్‌లతో ఎవరైనా ఉచితంగా నమోదు చేసుకోవచ్చు. అందుచేత కాంట్రాక్టరును అడగవలసింది ఎలక్ట్రికల్ లైసెన్సు నంబరు, దాని గడువు తేదీ. బిల్లులో జీఎస్టీ వేస్తే 37తో మొదలయ్యే 15 అక్షరాల నంబరు ఉండాలి. సేవలకు ఏడాదికి 20 లక్షల టర్నోవరు లోపు నమోదు తప్పనిసరి కాదు గనుక చిన్న మెకానిక్‌కు ఆ నంబరు లేకపోవడం తప్పు కాదు, లేకుండా పన్ను వసూలు చేయడం తప్పు.

పేరున్న కంపెనీల బిగింపు చార్జీ సుమారు 1,500 రూపాయలని చెబుతారు గాని, అసలు ఖర్చు ఆ అంకెకు బయటే ఉంటుంది. ఏసీతో వచ్చే రాగి పైపు సాధారణంగా మూడు మీటర్లు; ఆపైన మీటరు లెక్కన కట్టాలి. ఔట్‌డోర్ స్టాండు, గోడకు రంధ్రం, స్టెబిలైజరు, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 20 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆపేసే స్విచ్చి), ఎర్తింగు అన్నీ విడివిడి పద్దులు. కళింగపట్నం, భావనపాడు, బారువ, భోగాపురం వంటి తీర గ్రామాల్లో ఉప్పు గాలికి మామూలు ఇనుప స్టాండు త్వరగా తుప్పు పడుతుంది, తుపాను గాలులు సరేసరి. అక్కడ స్టాండు దగ్గర పొదుపు చేయరాదు. ధర రాయించుకునేటప్పుడే పైపుల్లోని గాలిని లాగేసే వ్యాక్యూమ్ పంపు వాడతారా అని అడగాలి. పంపు లేకుండా ఆ గాలిని యూనిట్‌లోని గ్యాసుతోనే బయటికి తోసేసే పద్ధతి ఇంకా పోలేదు. నేటి ఏసీల్లో ఎక్కువగా ఉండే ఆర్-32 గ్యాసుకు కొంత మండే గుణం కూడా ఉంది.

పని పూర్తయ్యాక వచ్చే బిల్లులో లోడు అంకె మారిందో లేదో చూడాలి. మారకపోతే రసీదుతో సెక్షన్ కార్యాలయానికి వెళ్లడమో, 1912కు ఫోను చేసి ఫిర్యాదు నంబరు తీసుకోవడమో చేయాలి. అక్కడా కదలకపోతే విశాఖపట్నంలోని వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు రాతపూర్వకంగా రాయవచ్చు; ఆ నిర్ణయంతో తృప్తి లేకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు, అంటే ఆ పైన ఫిర్యాదులు విచారించే అధికారికి, వెళ్లే హక్కు 2003 నాటి విద్యుత్ చట్టం ఇచ్చింది.