ఈయాసీ సరస్సుకి, హద్జా వాళ్ల దగ్గరికి వెళ్లాలనుకుంటే హైదరాబాద్ నుంచి ఎలా ప్లాన్ చేసుకోవాలి

టాంజానియా అనగానే మనవాళ్లు సెరెంగెటీ, గోరోంగోరో, జాంజిబార్ అని బుక్ చేసేసుకుంటారు, కానీ గోరోంగోరో కొండలు దిగి దక్షిణం వైపు వెళ్తే రిఫ్ట్ వ్యాలీ, అంటే నేల చీలి ఏర్పడిన పెద్ద లోయ, అడుగున ఈయాసీ అని ఒక ఉప్పు సరస్సు ఉంది, దాని చుట్టుపక్కల వేట మీద, అడవి తిండి మీద బతికే హద్జా అనే వాళ్లూ, దతోగా అనే పశువుల కాపర్లూ ఉంటారు. నన్నడిగితే ఆ ట్రిప్‌లో ఒక సఫారీ రోజు తగ్గించుకునైనా ఇక్కడ రెండు రాత్రులు ఉండాలి. పొద్దున వచ్చి మధ్యాహ్నానికి వెళ్లిపోయే ప్యాకేజీ అయితే అసలు వద్దు, అది వాళ్లకీ మర్యాద కాదు మీకూ ఏమీ మిగలదు.

ముందు కాగితాల పని. వీసా ఆన్‌లైన్‌లోనే, సింగిల్ ఎంట్రీకి 50 డాలర్లు, గవర్నమెంట్ సైట్‌లోనే అప్లై చేయండి. ఎల్లో ఫీవర్ టీకా సంగతి మాత్రం చివరి వారం దాకా ఉంచకండి, ఎందుకంటే చాలామంది అడిస్ అబాబా మీదుగానో నైరోబీ మీదుగానో వెళ్తారు, ఇథియోపియా, కెన్యా నుంచి ఇండియాకి వచ్చేవాళ్లని ఆ సర్టిఫికెట్ అడుగుతారు, టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది. మన దగ్గర నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు, ఏ రోజుల్లో వేస్తారో కనుక్కుని వెళ్లండి. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చాలు. మలేరియా మాత్రల గురించి కూడా డాక్టర్‌ని అడగండి, సరస్సు చుట్టూ దోమలుంటాయి. ఇంకోటి, 2019 జూన్ 1 నుంచి టాంజానియాలో ప్లాస్టిక్ కవర్లు నిషేధం, బయటినుంచి వచ్చేవాళ్లు కూడా తేకూడదు, కాబట్టి ఆవకాయ, కారప్పొడి క్యారీబ్యాగుల్లో చుట్టకుండా డబ్బాల్లో పెట్టి గుడ్డసంచిలో వేసుకోండి.

కిలిమంజారో ఎయిర్‌పోర్ట్‌లో దిగి అరూషా, అక్కణ్ణుంచి కరాటు దాకా మంచి తారు రోడ్డు. కరాటు నుంచి సరస్సు దగ్గరి మంగోలా దాకా మట్టి రోడ్డు, దుమ్మూ గుంతలూ, ఫోర్ వీల్ డ్రైవ్ లేకుండా వద్దు. దారిలో ఉల్లి తోటలు చూసి ఆశ్చర్యపోకండి, ఇక్కడ ఊటల నీళ్లు పారించి ఉల్లిపాయ బాగా పండిస్తారు. జూన్ నుంచి అక్టోబర్ వరకు వెళ్లడం మేలు, మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, బండి బురదలో దిగబడుతుంది.

ఇక హద్జా వాళ్ల గురించి కాస్త తెలుసుకుని వెళ్లండి. మొత్తం కలిపి 1,300 మంది దాకా ఉంటారు, అందులో పూర్తిగా అడవి మీదే బతికేది కొన్ని వందల మందే. పెద్ద, నాయకుడు అంటూ ఎవరూ ఉండరు, ఇరవై ముప్పై మంది ఒక చోట ఉండి తిండి చూసుకుని ఇంకో చోటికి మారుతుంటారు. నోట్లో నాలుకతో టక్ టక్‌మనే శబ్దాలున్న వాళ్ల భాషకి ప్రపంచంలో ఇంకే భాషతోనూ చుట్టరికం ఉందని ఇంతవరకూ తేలలేదు. రాతియుగం మనుషులు అని కొందరు గైడ్లు చెప్తారు, ఆ మాట నమ్మకండి, మనలాగే ఇప్పటి మనుషులే, 2011లో యాయెడా లోయలో తమ భూమికి ప్రభుత్వం నుంచి హక్కు పత్రాలు సంపాదించుకున్నారు.

వాళ్లతో వెళ్లాలంటే తెల్లారకముందే లేవాలి. విల్లు, బాణాలు, కుక్కలతో బయల్దేరతారు, నడక చాలా స్పీడు, అంతా ముళ్ల చెట్లు, కాబట్టి ఫుల్ ప్యాంటు, గట్టి షూస్ వేసుకోండి. పక్షి దొరకొచ్చు, బబూన్ అనే పెద్ద కోతి దొరకొచ్చు, ఏమీ దొరక్కపోవచ్చు, అది వాళ్ల తిండి కాబట్టి చంపడం చూడలేనివాళ్లు, పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు ఆడవాళ్లతో దుంపలు తవ్వడానికి వెళ్తామని ముందే గైడ్‌కి చెప్పండి. నిజానికి నాకు అదే ఎక్కువ నచ్చే భాగం. మొన చెక్కిన కర్రతో నేల మీద తట్టి చూసి దుంప ఎక్కడుందో కనిపెడతారు, రాళ్ల మధ్యనుంచి తవ్వి తీసి, నిప్పు మీద కొంచెం కాల్చి, నమిలి రసం మింగి పీచు ఉమ్మేస్తారు. తేనె దొరికే సీజన్ అయితే ఇంకా అదృష్టం, హనీగైడ్ అనే చిన్న పక్షి అరుస్తూ ముందు ఎగురుతుంది, వీళ్లు ఈల వేస్తూ దాని వెనకాలే వెళ్లి తేనెపట్టు కనిపెడతారు, బావోబాబ్ మానులోకి కర్ర మేకులు దిగ్గొట్టి ఎక్కి పొగపెట్టి తీస్తారు, ఆ పక్షికి కావలసింది మైనం. బావోబాబ్ అంటే గోల్కొండ నయా ఖిలాలో ఉందే, హతియాన్ కా ఝాడ్ అంటాం, ఆ జాతి చెట్టే. దాని కాయలోని తెల్లటి గుజ్జు ఇస్తే కాదనకుండా తినండి, చింతపండులా పుల్లగా ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం, డబ్బు. టూరిస్టులు చేతిలో పెట్టే నోట్లు చాలావరకు సారాకే పోయి, కొన్ని క్యాంపుల్లో గొడవలు, జబ్బులు పెరిగాయని అక్కడ పనిచేసిన పరిశోధకులు రాశారు. కాబట్టి మంగోలాలో టూరిజం ఆఫీసులో ఫీజు కట్టి, అక్కడి లోకల్ గైడ్‌నే తీసుకోండి, క్యాంపులో విడిగా క్యాష్ ఇవ్వకండి, మందు, సిగరెట్లు, పిల్లలకి చాక్లెట్లు అస్సలు వద్దు. ఏమైనా ఇవ్వాలనిపిస్తే ఏం పనికొస్తుందో గైడ్‌నే అడగండి. మన్ననూరు దాటి నల్లమలలో చెంచు పెంటకి, అంటే వాళ్ల గూడేనికి, ఎవరో కార్లేసుకుని వచ్చి గుడిసెల్లోకి తొంగి చూస్తూ ఫోటోలు తీస్తే మనకి ఎంత ఒళ్లు మండుతుందో అది గుర్తుపెట్టుకుంటే చాలు, ఎలా ఉండాలో అదే తెలుస్తుంది. మొదటి గంట ఫోన్ జేబులోంచి తీయకండి. ఆపరేటర్‌తో మాట్లాడేటప్పుడే ఫీజులో ఎంత క్యాంపుకి చేరుతుంది, ఒక క్యాంపుకి రోజుకి ఎన్ని బళ్లు వస్తాయి అని అడగండి, నీళ్లు నమిలితే వేరేవాళ్లని చూసుకోండి.

దతోగా వాళ్ల దగ్గరికి మధ్యాహ్నం వెళ్లండి. ఆవులే వాళ్ల ఆస్తి, ఆడవాళ్లు పూసలు కుట్టిన తోలు బట్టలు, చేతినిండా ఇత్తడి కడియాలు వేసుకుంటారు, కొందరికి కళ్ల చుట్టూ గుండ్రంగా కోసిన మచ్చలుంటాయి. కమ్మరి కొలిమి దగ్గర కాసేపు కూర్చోండి, మేకతోలు తిత్తులతో గాలి ఊదుతూ పాత తాళంకప్పలు, ఇత్తడి ముక్కలు కరిగించి కడియాలు పోస్తారు, మేకుల్ని సుత్తితో కొట్టి బాణం మొనలు చేస్తారు, ఆ మొనలే హద్జా వాళ్లు తేనె ఇచ్చి తీసుకుంటారు. కడియం కొనాలంటే అక్కడే చేసినవాళ్ల దగ్గరే కొనండి, చిన్న షిల్లింగు నోట్లు ఉంచుకోండి.

సరస్సుకి సాయంత్రం వెళ్లండి. వానల్లేని నెలల చివరికి నీళ్లు దాదాపు ఇంకిపోయి తెల్లటి ఉప్పు పెచ్చులే కనిపిస్తాయి, నీళ్లున్నప్పుడు ఫ్లెమింగోలు వస్తాయి. పెచ్చు గట్టిగా ఉన్నట్టే ఉంటుంది గానీ కింద బురద, గైడ్ చూపించిన దారి దాటి వెళ్లకండి. మూడో రోజు పొద్దున్నే బయల్దేరి కరాటు వచ్చేస్తే, అక్కణ్ణుంచి గోరోంగోరో గేటు దగ్గరే.