లెక్కలో 1.0, ఫిల్మ్‌లో 0.85: ప్రెజర్ వెసెల్ వెల్డుల సమస్యలు, పరిష్కారాలు

జాయింట్ ఎఫిషియెన్సీ అంటే వెల్డర్ పనితనానికి వేసే మార్కు అని చాలామంది అనుకుంటారు. కాదు. ఆ వెల్డును ఎంత మేర ఫిల్మ్ తీసి (రేడియోగ్రఫీ, అంటే ఎక్స్‌రే లేదా గామా కిరణాలతో లోపలి లోపాలు చూడటం) చూశామన్నదాన్ని బట్టి, ప్రెజర్ వెసెల్‌లకు (లోపల పీడనం నిలిపే ట్యాంకులకు) వాడే అమెరికా ప్రమాణం అస్మే కోడ్ సెక్షన్ 8, డివిజన్ 1 ఇచ్చే అంకె అది; అంకె తగ్గితే ప్లేటు మందం పెరగాలి. రెండు వైపులా వెల్డు చేసిన బట్ జాయింట్‌కు (అంచుకు అంచు ఆనించి కలిపినదానికి) పూర్తి రేడియోగ్రఫీ ఉంటే 1.0, స్పాట్ (కొన్ని చోట్ల మాత్రమే) అయితే 0.85, ఏమీ తీయకపోతే 0.70.

కింది లెక్కలన్నీ ఒకే వెసెల్‌వి. లోపలి వ్యాసం 2000 మి.మీ., షెల్ (గొట్టపు ఆకారపు ఒళ్ళు) పొడవు 6 మీటర్లు, డిజైన్ పీడనం 1 మెగాపాస్కల్, ప్లేటుకు కోడ్ ఒప్పుకునే స్ట్రెస్ 138 మెగాపాస్కల్, తుప్పు కోసం అదనంగా 3 మి.మీ.

సమస్య: డిష్ ఎండ్ మందం చాలదని ఇన్‌స్పెక్టర్ ఆపేశారు

ఇది నేను స్వయంగా తిన్న దెబ్బ. డ్రాయింగులో ఆర్‌టీ-3, అంటే స్పాట్ రేడియోగ్రఫీ. షెల్‌కు 0.85 సరిగ్గానే వేశాను. డిష్ ఎండ్ (షెల్ చివరను మూసే గిన్నెలాంటి మూత) దగ్గరికి వచ్చేసరికి, అది ఒకే ప్లేటు నుంచి నొక్కింది, వెల్డే లేదు, కాబట్టి 1.0 అనుకున్నాను. కావలసిన మందం 10.27 మి.మీ. వచ్చింది. 12 మి.మీ. ప్లేటుతో చేయించాం. నొక్కినప్పుడు వంపు దగ్గర పలచబడటం మామూలే; గేజ్ పెడితే 10.6 చూపింది. ఊపిరి పీల్చుకున్నాం. ఇన్‌స్పెక్టర్ ఒక్కటే అడిగారు: "డిష్ ఎండ్‌ను షెల్‌కు కలిపే సీమ్ మీద స్పాట్ ఫిల్మ్ ఏది?"

కారణం: వెల్డు లేని డిష్ ఎండ్‌కు కూడా 1.0 ఊరికే రాదు. కోడ్‌లోని యూడబ్ల్యూ-12(డి) నిబంధన ప్రకారం, దాన్ని షెల్‌కు కలిపే సర్క్ సీమ్ (చుట్టూ తిరిగే వెల్డు) మీద యూడబ్ల్యూ-11(ఎ)(5)(బి) చెప్పిన స్పాట్ ఫిల్మ్ ఉంటేనే 1.0. లేకపోతే 0.85. ఆ అంకెతో మళ్ళీ లెక్కిస్తే 11.56 మి.మీ. కావాలి. మా దగ్గరున్నది 10.6.

పరిష్కారం: కొత్త డిష్ ఎండ్ అక్కర్లేదు. సీమ్‌కు ఒకటి చొప్పున, కనీసం 150 మి.మీ. పొడవున అదనపు స్పాట్ తీయించాలి. 15 మీటర్ల వెల్డుకు ఒకటి చొప్పున మామూలుగా తీసే స్పాట్‌లలో దీన్ని కలిపేసి ఒకే ఫిల్మ్‌ను రెండు లెక్కల్లో చూపకూడదు. సీమ్ బట్ జాయింటే కావాలి; ల్యాప్ జాయింట్ (ఒక ప్లేటు మీద ఇంకోటి ఎక్కించి కలిపినది) అయితే ఈ దారి మూసుకుపోయినట్టే. గామా సోర్సు (ఫిల్మ్ తీయడానికి వాడే రేడియోధార్మిక పదార్థం) వచ్చిన రాత్రే మరో రెండు ఫిల్ములు తీయడానికి పట్టే సమయం ఎంతని! డ్రాయింగులో ఆ మాట రాయకపోవడం వల్లే మాకు వారం పోయింది.

సమస్య: స్పాట్ ఫిల్మ్ రిజెక్ట్ అయింది

ముందు రిపోర్టు ఏ కొలతతో రాశారో చూడండి. పూర్తి రేడియోగ్రఫీ కొలత (యూడబ్ల్యూ-51) వేరు, స్పాట్ కొలత (యూడబ్ల్యూ-52) వేరు. మన 12 మి.మీ. వెల్డులో 7 మి.మీ. పొడవున్న స్లాగ్ (లోపల చిక్కుకున్న మలినం) గీత కనిపించిందనుకుందాం. పూర్తి రేడియోగ్రఫీలో పరిమితి 6 మి.మీ., కాబట్టి అది పోతుంది. స్పాట్‌లో పరిమితి మందంలో మూడింట రెండు వంతులు, అంటే 8 మి.మీ.; కాబట్టి నిలుస్తుంది. గుండ్రటి పొరాసిటీని (గాలి బుడగల రంధ్రాలను) స్పాట్‌లో లెక్కలోకే తీసుకోరు. అలవాటు కొద్దీ కఠినమైన కొలతతో రిజెక్ట్ చేసిన రిపోర్టులు తక్కువేమీ కాదు. పగులు, ఫ్యూజన్ లోపం (లోహం కరిగి కలవకపోవడం), పెనెట్రేషన్ లోపం (వెల్డు అడుగుదాకా చేరకపోవడం) మాత్రం రెండింటిలోనూ చెల్లవు.

నిజంగానే లోపం ఉందా? అయితే ఆ చోటు గ్రైండ్ చేసి, వెల్డు చేసి, మళ్ళీ ఫిల్మ్ తీసి ఫైలు మూసేయడం తప్పు. అదే 15 మీటర్ల భాగంలో ఇంకో రెండు చోట్ల తీయాలి. రెండూ బాగుంటే మొదటి చోటు రిపేరు చేసి, దానికి మళ్ళీ ఫిల్మ్ తీస్తే సరిపోతుంది. ఒక్కటి పోయినా ఆ భాగమంతా తీసేసి మళ్ళీ వెల్డు చేయాలి, లేదా మొత్తం ఫిల్మ్ తీసి లోపాలన్నీ సరిచేయాలి. చోట్లను ఎంచేది వెల్డింగ్ అయ్యాక ఇన్‌స్పెక్టరే. ముందే కబురు చేసినా ఆయన రాలేకపోతేనే తయారీదారు ఎంచుకోవచ్చు. ప్రతి వెల్డర్ పనీ ఏదో ఒక ఫిల్మ్‌లో కనబడాలి. ఇది మరిచిపోయి, నైట్ షిఫ్ట్ వెల్డర్ కోసం చివర్లో మళ్ళీ సోర్సు తెప్పించుకునేవారున్నారు.

సమస్య: పూర్తి రేడియోగ్రఫీకి డబ్బు పెట్టినా ప్లేటు తగ్గలేదు

షెల్‌కు కావలసిన మందం 1.0తో 10.30, 0.85తో 11.59, 0.70తో 13.45 మి.మీ. బజారులో సులువుగా దొరికేవి 10, 12, 14. అంటే మొదటి రెండింటికీ కొనేది 12 మి.మీ. ప్లేటే. అలాంటప్పుడు స్పాట్ చాలు. 0.70కి దిగితే 14 మి.మీ. కొనాలి, షెల్ ఒక్కదానికే సుమారు 600 కిలోల ఉక్కు పెరుగుతుంది. 1.0 తప్పనిసరైన చోట కూడా సర్క్ సీమ్‌లన్నిటినీ పూర్తిగా ఫిల్మ్ తీయనక్కర్లేదు. వాటి మీద పడే స్ట్రెస్ లాంగ్ సీమ్ (షెల్ పొడవునా సాగే వెల్డు) మీద పడేదానిలో సగమే కాబట్టి, లాంగ్ సీమ్‌కు పూర్తిగా, సర్క్ సీమ్‌కు స్పాట్ తీసే ఆర్‌టీ-2 అందుకే ఉంది.

సమస్య: స్పాట్ చాలనుకుంటే ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోలేదు

లీథల్ సర్వీసు (లోపల ప్రాణాంతకమైన విషపదార్థం ఉండేది) అయితే ప్రధాన బట్ వెల్డులకు పూర్తి రేడియోగ్రఫీ తప్పదు. కార్బన్ స్టీలులో 32 మి.మీ. దాటినా, 1¼ క్రోమ్‌లో (1¼ శాతం క్రోమియం ఉన్న స్టీలులో) 16 మి.మీ. దాటినా అంతే. 2¼ క్రోమ్‌కు ఎంత పలచనైనా తప్పదు. ఎలాగూ తీయాలి కాబట్టి లెక్కలో 1.0 వేసుకోండి. ఇక నాజిల్ (వెసెల్‌లోకి దారి ఇచ్చే గొట్టం) పైపుకు ఫ్లాంజ్ (బోల్టులు బిగించే చక్రం) కలిపే బట్ వెల్డులకూ ఫిల్మ్ అడిగితే పైపు సైజు చూపండి: 10 అంగుళాలు, 29 మి.మీ. మందం, ఈ రెండింటిలో ఏదీ దాటకపోతే కోడ్ ఆ వెల్డులకు రేడియోగ్రఫీ అడగదు.