సంక్రాంతికి ముందు డీజిల్ కారు రీమ్యాప్ చేయిస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

బెంగళూరులో ఉండే మనవాళ్లలో చాలామందికి రీమ్యాప్, అంటే ఇంజన్ కంప్యూటర్‌లో లెక్కలు మార్చి పవర్ పెంచుకోవడం, గుర్తొచ్చేది ఊరి ప్రయాణం దగ్గర పడినప్పుడే. ఏడాదంతా మారతహళ్లి, సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఒకటి, రెండు గేర్లతోనే గడిచిపోతుంది. పండక్కి ఇంటిల్లిపాదీ ఎక్కి హైవే మీదికి వచ్చేసరికి, బండికి ఇంకాస్త పికప్ ఉంటే బాగుండు అనిపిస్తుంది. అలా అనిపించడంలో తప్పేమీ లేదు. కానీ దయచేసి బయల్దేరే ముందు రోజు మాత్రం చేయించకండి. కనీసం మూడు వారాల ముందే ఆ పని కానివ్వండి.

నేను మొదటిసారి చేయించినప్పటికి మా కారు లక్షా పదివేల కిలోమీటర్లు తిరిగింది. చిత్తూరు వెళ్లేటప్పుడు బ్రహ్మాండంగా వెళ్లాం. తిరిగొస్తూ మొగిలి ఘాట్ ఎక్కుతున్నాం. వెనక సీట్లో అమ్మ, పిల్లలు. డిక్కీలో బియ్యం మూట. నాలుగో గేర్లో యాక్సిలరేటర్ నొక్కితే ఆర్‌పీఎం ముల్లు 2,000 నుంచి 3,000కి లేచింది, స్పీడు మాత్రం 60 దగ్గరే ఉండిపోయింది. ఇంకో నిమిషానికి కాలిన వాసన. క్లచ్ జారుతోంది. వెనక లారీ హారన్ కొడుతుంటే, పిల్లల్ని పెట్టుకుని ఆ మలుపుల్లో పడ్డ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను. మెల్లగా పలమనేరు చేరాక మెకానిక్ అడిగిన మొదటి మాట: "క్లచ్ చూడకుండానే మ్యాప్ ఎక్కిచ్చినారా అన్నా?"

అసలు విషయం ఆ ప్రశ్నలోనే ఉంది. రీమ్యాప్‌తో ఇంజన్‌లోకి కొత్త పార్టు ఏదీ రాదు. ఎంత డీజిల్ చల్లాలి, ఆ డీజిల్‌ని ఎంత ఒత్తిడితో పంపాలి (రైల్ ప్రెషర్), ఇంజన్‌లోకి గాలి తోసే టర్బో ఎంత ఒత్తిడితో తోయాలి (బూస్ట్) అన్న లెక్కలు ఈసీయూలో, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్‌లో, మారతాయి, అంతే. నాసిరకం డీజిల్, ఎండ, ఘాట్ రోడ్లు, సర్వీసు ఆలస్యం, వీటన్నిటినీ తట్టుకోవడానికి కంపెనీ కొంత బలం మిగిల్చి ఉంచుతుంది. మనం వాడుకునేది ఆ మిగులునే. పాత బండిలో అది ఇంకా ఉందా లేదా అన్నది ముందు తేల్చుకోవాలి.

క్లచ్ సంగతి మీరే తెలుసుకోవచ్చు. ఖాళీగా ఉన్న చదునైన రోడ్డు మీద నాలుగో గేర్లో 40 దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కండి. స్పీడు పెరగకుండా ఆర్‌పీఎం ఒక్కటే ఎగిరితే క్లచ్ మార్చాకే మిగతా మాట. ఆటోమేటిక్ అయితే గేర్‌బాక్సు ఎంత టార్క్ (తిప్పే బలం) తట్టుకుంటుందో కనుక్కోండి. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లలో వచ్చే ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్సు పరిమితి 250 న్యూటన్ మీటర్లు. దానితో వచ్చిన 1.5 టీడీఐ డీజిల్ ఇంజన్ కంపెనీ ఇచ్చిన ట్యూన్‌లోనే 250 ఇస్తుంది. అక్కడ మిగులు ఎక్కడుంది?

ఇంజన్‌లోకి డీజిల్ చల్లే ఇంజెక్టర్లను కూడా పరీక్ష చేయించండి, అది జరిగేటప్పుడు మాత్రం దగ్గరే నిలబడి చూడండి. ఒక్కో ఇంజెక్టర్ నుంచి మిగిలిన డీజిల్ వెనక్కి వెళ్లే రిటర్న్ పైపు తీసి, సన్నటి గొట్టంతో ఒక చిన్న సీసా తగిలిస్తారు. నాలుగు సీసాలు వరసగా వేలాడుతుంటాయి. ఇంజన్ స్టార్ట్ చేసి ఐడిల్‌లో వదిలితే డీజిల్ చుక్కచుక్కగా వాటిలోకి చేరుతుంది. నాలుగూ ఇంచుమించు ఒకే మట్టంలో ఉంటే సంతోషం. ఒకటి సగం నిండేసరికి మిగతావి అడుగునే ఉంటే, ఆ ఇంజెక్టర్ లోపల అరిగిపోయిందన్నమాట. అలాంటి ఇంజన్‌కి రైల్ ప్రెషర్ పెంచడం చాలా ప్రమాదం.

టర్బో నుంచి, గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి వెళ్లే హోస్ పైపులు చేత్తో తడిమి చూడండి. క్లిప్పుల దగ్గర కాస్త ఆయిల్ చెమ్మ పర్వాలేదు. కారుతూ ఉంటే గాలి కూడా పోతోందని అర్థం. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి పలుచన కాబట్టి, అదే బూస్ట్ కోసం టర్బో చెన్నైలో కంటే ఎక్కువ వేగంగా తిరగాలి. దానికి తోడు లీకు ఉంటే టర్బో మీద భారం ఇంకా పెరుగుతుంది.

నల్ల పొగ గురించి గట్టిగానే చెప్పాలి. పెట్రోల్ ఇంజన్‌లో ఇంధనం తగ్గితే వేడెక్కుతుందని అందరూ అంటుంటారు. డీజిల్‌కి అది వర్తించదు. గాలికి మించి డీజిల్ పోసే కొద్దీ ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది, టర్బో, పిస్టన్లు దెబ్బతింటాయి. పొగ వస్తేనే పవర్ అని ఎవరైనా చెబితే ఆ షెడ్డు నుంచి వెనక్కి వచ్చేయండి. అది సరిగ్గా కాలని డీజిల్. మన వెనక స్కూటీ మీద పిల్లాడిని స్కూలుకి తీసుకెళ్లే తల్లి దాన్ని పీలుస్తుంది. పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ తీసేయడం, కొంత పొగను తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ మూసేయడం కూడా నేను ఎవరికీ చెప్పను. తక్కువ ధరకు దొరికే ట్యూనింగ్ బాక్సులూ వద్దు. రైల్ ప్రెషర్ అసలు కంటే తక్కువ ఉన్నట్టు ఈసీయూని నమ్మించి పని చేస్తాయవి.

రీమ్యాప్ చేసే ట్యూనర్‌కి ముందే ఒక మాట చెప్పండి: 2,000 ఆర్‌పీఎం లోపల టార్క్ అమాంతం పెంచొద్దని. పిస్టన్లను పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్లకీ క్లచ్‌కీ దెబ్బ తగిలేది అక్కడే. మ్యాప్ ఎక్కించే రోజు బ్యాటరీకి స్థిరంగా కరెంటు ఇచ్చే సప్లై తగిలించారో లేదో మీ కళ్లతో చూసుకోండి. మధ్యలో వోల్టేజ్ పడిపోతే ఈసీయూ చచ్చిపోవచ్చు, బండి అక్కడే ఆగిపోతుంది. స్టాక్ ఫైల్ (కంపెనీ ఇచ్చిన అసలు మ్యాప్) కాపీ పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకోండి.

చట్టం సంగతి కూడా తెలిసే దిగండి. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 సవరణ ప్రకారం ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. వారంటీ, ఇన్సూరెన్స్ క్లెయిముల దగ్గర కూడా పేచీ రావచ్చు. వారంటీలో ఉన్న కొత్త కారైతే వదిలేయమనే నా సలహా.

చేయించాక ఇంజన్ ఆయిల్ త్వరగా మార్చండి. నేనైతే కంపెనీ చెప్పిన దూరంలో సగానికే మారుస్తున్నాను. ఇంజన్ వేడెక్కేదాకా గట్టిగా తొక్కొద్దు. హైవే మీద జోరుగా వచ్చి ఆపేటప్పుడు ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచండి. బ్రేకులు, టైర్లు కూడా ఆ కొత్త వేగానికి సరిపడా ఉండాలి.

మూడు వారాలు ఎందుకన్నానంటే, ఒక ఆదివారం తెల్లవారుజామున హోస్కోటె దాటి కోలారు దాకా వెళ్లి రావాలి. స్కానర్ పెట్టి, ఈసీయూ అడిగిన బూస్ట్, రైల్ ప్రెషర్ ఎంత, నిజంగా వచ్చింది ఎంత అన్నది రికార్డు చేసి ట్యూనర్‌కి చూపించాలి. తర్వాతి వారం నలుగురు మనుషులు, సామాను వేసుకుని నంది కొండ ఎక్కి చూడాలి. అక్కడ పొగ వచ్చినా, క్లచ్ వాసన వచ్చినా, చెక్ ఇంజన్ లైటు వెలిగినా ఆలోచించకుండా స్టాక్ ఫైల్ తిరిగి ఎక్కించి, పండక్కి దానితోనే ఊరికి బయల్దేరండి.