పిల్లల బదులు మీరు జవాబు చెప్పకండి

హన్మకొండ దగ్గర భవిత కేంద్రంలో ప్రత్యేక అవసరాల పిల్లలకు చదువు చెప్తాను. అమ్మానాన్నలకు నేను మొదట చెప్పేది పైన రాసిన ఆ ఒక్క మాటే.

ఇంట్లో చిన్నవాటితో మొదలుపెట్టండి. పొద్దున రెండు చొక్కాలు చూపించి ఏది కావాలో అడగండి. మాటలు రాని పాపైతే చూపుతోనో వేలితోనో చెప్తుంది. అడిగాక ఆగాలి. మనసులో పది అంకెలు లెక్కపెట్టుకోండి, చాలామంది ఇక్కడే తొందరపడతారు. బతుకమ్మ పేర్చేటప్పుడు గునుగు తర్వాత తంగేడా, బంతా అన్నది తనకే వదిలేయండి. వరుస మీకు నచ్చకపోయినా సర్దకండి, దయచేసి! కిరాణా కొట్టుకు పంపితే చిల్లర తనే చూసుకోవాలి, తక్కువొస్తే తనే అడగాలి.

బడిలో మీటింగ్ పెడితే పిల్లల్ని కూడా కూర్చోబెట్టండి. "సార్, బోర్డు కనబడట్లేదు, ముందు బెంచీ కావాలి" అని వాళ్లే చెప్పేలా ఇంట్లో ప్రాక్టీస్ చేయించండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి లాంటి వెసులుబాట్ల గురించి చెప్తుంది. పదో తరగతిలో ఆ దరఖాస్తు పట్టుకుని హెడ్‌మాస్టర్ దగ్గరికి పిల్లలే వెళ్లాలి. మీరు పక్కన ఉండండి, చాలు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ జిరాక్సులు ఇంట్లో ఎక్కడున్నాయో కూడా వాళ్లకు తెలియాలి.