పైథాన్ మాడ్యూల్ కోసం పిప్ ఇన్‌స్టాల్ కొట్టే ముందు

- 'పైథాన్ --వెర్షన్' అని టెర్మినల్‌లో కొట్టి చూడండి. ఒకే సిస్టమ్‌లో రెండు మూడు పైథాన్‌లు ఉండటం మామూలే. పిప్ టూల్ ఒకదాంట్లో మాడ్యూల్ (ఎవరో రాసిపెట్టిన కోడ్) వేస్తుంది, మీ ప్రోగ్రామ్ ఇంకోదాంట్లో నడుస్తుంది! 'పైథాన్ -ఎమ్ పిప్' అని పిలిస్తే ఈ గొడవ ఉండదు.

- మాడ్యూళ్లు దొరికే పైపీఐ సైట్‌లో మాడ్యూల్ పేజీ తెరవండి. '>=3.9' అని ఉంటే పైథాన్ 3.9 గానీ ఆపైది గానీ కావాలి. అలాగని కొత్తదైతే చాలనుకోకండి. 3.12లో డిస్ట్‌యుటిల్స్ అనే పాత ప్యాకేజింగ్ లైబ్రరీని తీసేశారు, దాన్ని నమ్ముకున్న పాత మాడ్యూళ్లు కొన్ని అక్కడే ఆగిపోతాయి. నేనైతే వెర్షన్ వచ్చిన కొత్తలో దాని జోలికి పోను.

- సీ కోడ్ ఉన్న మాడ్యూలా? మీ వెర్షన్‌కు వీల్ ఫైల్ (ముందే కంపైల్ చేసిపెట్టిన ప్యాకేజీ) ఉందో లేదో చూడండి; పేరులో 'సీపీ312' అంటే 3.12కి అని. లేకపోతే పిప్ సోర్సు నుంచి కట్టబోతుంది, కంపైలర్ లేదంటూ తెర నిండా ఎర్రర్లు.

- వేసేది వెన్వ్‌లోనే. అది ప్రాజెక్టుకు విడిగా పెట్టుకునే పైథాన్ ఫోల్డర్; చెడితే తీసేయొచ్చు, టెన్షన్ లేదు.